లోపలికి నేనూ వస్తాను

అన్నం రుచి మళ్ళీ తెలుస్తోంది. మొన్న పచ్చిపులుసులో ఉల్లిపాయ ముక్క పంటి కింద పడి కరకరలాడితే, ముద్ద చేతిలోనే ఉంచుకుని కళ్ళు మూసుకున్నాను. ఇక రాయవచ్చు అనిపించింది. పోయిన ఏడాది ఆషాఢం నుంచి ఈ శ్రావణం దాకా నా ఒంటి మీదుగా గడిచినదాన్ని ఒక వరసలో పెట్టుకుంటే మనసుకు నిలకడ వస్తుందని ఆశ. అదొక్కటే కాదు. డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని, తమ ఒంటి సంగతి లోపల వేరేవాళ్ళు వింటుంటే తలుపు వైపు చూస్తూ ఉండే ఆడవాళ్ళు నాలాంటివాళ్ళు ఇంకా ఎందరో ఉంటారు. వాళ్ళ కోసం కూడా.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. మా నాన్న వసారాలో చాప వేసి, పలక చేతికిచ్చి, ఇంట్లోనే చదువు చెప్పారు. నా రాతలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి. ఇంత మాత్రం రాయగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష.

అశోక్ నగర్‌లో మేము ఉండేది కిరాయి ఇల్లు. పైన అంతా హాస్టలు, సర్కారు నౌకరీ పరీక్షలకు చదివే పిల్లలు. కింద మేము నలుగురం. మా వారు ఒక ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మా అబ్బాయి శ్రీధర్ కోఠిలో ఒక దుకాణంలో పనిచేస్తాడు. కోడలు మౌనిక నారాయణగూడలో ఒక స్కానింగ్ సెంటరులో సీటీ టెక్నాలజిస్టు. అంటే, మనిషిని ఆ గుండ్రటి మిషను బల్ల మీద పడుకోబెట్టి, లోపలి బొమ్మలు తీసే పని. వాళ్ళ నాన్న మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వలస వచ్చి కవాడిగూడలో గుడిసె వేసుకున్న మేస్త్రి. ఆయన పోయాక తల్లి కష్టపడి ఈ చదువు చదివించింది.

మౌనిక పని గురించి నాకు తెలిసింది మొదట ఒక్కటే. తను చూసింది ఎవరికీ చెప్పదు. పక్కింటి సరోజమ్మ తన భర్తకు స్కానింగు అయ్యాక మా గడప వదల్లేదు. "మీ కోడలే తీసింది గద. ఏం కనబడ్డదో జర అడుగు అక్కా" అని ఒకటే పోరు. మౌనిక ఆమెకు చాయ్ ఇచ్చి, "డాక్టర్ చెప్తరు పెద్దమ్మా" అని ఊరుకుంది. ఆమె వెళ్ళాక నేనే అన్నాను, ఒక్క ముక్క చెబితే ఏం పోతుందని.

"నేను తీసేది నీడలు అత్తమ్మా. వాటిని చదివే డాక్టర్ వేరే ఉంటరు. నేను ఒక మాట జారిన అనుకో, అది తప్పయింది అనుకో, ఆమె ఏడ్చిన ఏడుపు నేను వాపస్ ఇయ్యగల్గుతనా?"

నేను సరోజమ్మ తాగిన గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను.

ఆషాఢం

బోనాలు వెళ్ళే ఆదివారం గడపలో నిలబడి చూడలేకపోయాను. డప్పు చప్పుడు కడుపులో మోగుతున్నట్టుగా ఉండి, లోపలికి వచ్చి పడుకున్నాను. అప్పటికే చాలా రోజులుగా బొడ్డు కింద ఒక మొద్దు నొప్పి. అన్నం చూస్తే వెగటు. వాము నీళ్ళు తాగాను, ఇంగువ వేసుకున్నాను. గ్యాసు అని నాకు నేనే పేరు పెట్టుకుని ఊరుకున్నాను. మనకొచ్చిన జబ్బుకు మనమే చిన్న పేరు పెట్టుకోవడం అందరం చేసే పనే.

పట్టుకున్నది మౌనిక. దండెం మీంచి బట్టలు తీస్తూ నా జాకెట్టును వెలుతురుకు పట్టి చూసింది.

"అత్తమ్మా, దీనికి లోపలంగ రెండు కుట్లున్నయ్. పాత కుట్టు పక్కనే కొత్తది. ఎప్పుడేసినవ్?"

"వదులైంది. పట్టుకుని కుట్టుకున్న."

"ఒకసారి వదులైతే ఒక కుట్టు. రెండోసారి గూడ అయ్యిందంటే?" అని మిగతా జాకెట్లు కూడా తిరగేసింది. అన్నిటికీ అంతే. చేతిలోవి మంచం మీద పడేసి, "నడువు దవాఖానకు" అంది.

ఆ పిల్ల కళ్ళకు లోపలి పక్క చూడడం అలవాటు. అది నా అదృష్టం.

శ్రావణం

"పొద్దున ఏం తినకుండ రా అత్తమ్మా. నీళ్ళు మాత్రం మంచిగ తాగు" అని స్కానింగుకు ముందు మౌనిక ఒకటికి రెండుసార్లు చెప్పింది. నా చెవికి మొదటి సగమే ఎక్కింది. అది శ్రావణ శుక్రవారం. ఎలాగూ తినకూడదంటున్నారు కదా, ఈ పస్తు ఊరికే పోవడమెందుకు, అమ్మవారి ఉపవాసం కింద పోతుందని, ముందు రోజు సాయంత్రం నుంచే మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

సెంటరులో మౌనిక నా చేతికి రబ్బరు పట్టీ కట్టి, తట్టి తట్టి చూసింది. సూది పెట్టడానికి నరం దొరకలేదు. రెండో చేయి చూసింది. అదీ అంతే.

"అత్తమ్మా, నీళ్ళు తాగినవా?"

"ఉపవాసమున్న."

"ఉపవాసమా! ఎవరుండమన్నరు?"

"నువ్వే తినొద్దంటివి గద."

మౌనిక నుదురు పట్టుకుంది. మిషను దగ్గర కూర్చున్న సీనియరు, మల్లేశ్ అనే ఆయన పగలబడి నవ్వాడు. "మన దగ్గరికొచ్చే అమ్మలల్ల సగం మందిది ఇదే కథ చెల్లే. ఏకాదశి వచ్చిందంటే ఒక్కరి నరం దొరకదు. అమ్మా, దేవుడు నీళ్ళు వద్దన్నడా? బయట కూసొని ఈ సీసా మొత్తం తాగుండ్రి."

ఇది చదివేవాళ్ళకు మనవి. వాళ్ళు తినవద్దంటే అది వైద్యమే, వ్రతం కాదు. నీళ్ళ సంగతి అడిగి తెలుసుకోండి.

ఆ నా తెలివితక్కువతనం వల్ల నాకొక మేలు జరిగింది. గుక్క గుక్కగా నీళ్ళు తాగుతూ ఆ పూటంతా బల్ల మీద కూర్చుని, మా కోడలు పని చేయడం మొదటిసారి కళ్ళారా చూశాను. ఒకామె పుస్తెలతాడుకు గుత్తిగా వేలాడుతున్న పిన్నీసులు ఒక్కొక్కటే తీసి స్టీలు డబ్బాలో వేస్తూ, "ఇన్ని పిన్నీసులు ఎందుకక్కా, దుకాణం పెడ్తవా?" అని ఆమెను నవ్వించింది. గది చల్లగా ఉంటుంది కనుక, ముట్టుకునే ముందు తన అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చ చేసుకుంటుంది. కాళ్ళ మీద దుప్పటి కప్పుతుంది. ఎందరు వచ్చినా అవే మాటలు. ఊపిరి పీల్చు, ఆపు, వదులు. ఏ ఒక్కరికీ అవి పాత మాటలని తెలియనివ్వదు.

ఒక ముసలాయన్ను చక్రాల కుర్చీలో తెచ్చారు. వెనకాల కొడుకు. తండ్రి తల మీంచి మౌనికకు చేతులు ఊపుతున్నాడు, ఏమీ చెప్పవద్దని. పెదవుల మీద వేలు పెట్టుకుని చూపిస్తున్నాడు. మౌనిక అతని వైపు చూడలేదు. ముసలాయన ముందు గొంతుక్కూర్చుంది.

"తాతా, నా పేరు మౌనిక. ఫొటో తీస్త, నొప్పి ఉండదు. నాకు జబ్బుల గురించి చెప్పరాదు. నీకేమన్న తెలుసుకోవాలనుంటే డాక్టర్ను నువ్వే అడుగు. సరేనా?"

కొడుకు ముఖం మాడిపోయింది. ముసలాయన మాత్రం, "ఈ బిడ్డ నన్ను జూసి మాట్లాడింది" అన్నాడు, అక్కడున్న అందరికీ వినబడేలా.

తరువాత నా వంతు. బొమ్మలు బాగా కనబడడానికి సూదిలోంచి పంపే మందు ఎక్కగానే ఒళ్ళంతా వేడి పాకింది. బట్టల్లోనే ఒంటికి అయిపోయిందేమోనన్నంత అనుమానం. మౌనిక ముందే చెప్పి ఉండకపోతే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఊపిరి ఆపమన్నప్పుడు అలవాటు కొద్దీ నారాయణ నామం అందుకున్నాను. గోడకున్న స్పీకరులోంచి మౌనిక గొంతు వినిపించింది. "అత్తమ్మా, పెదవులు కదులుతున్నయ్. ఊపిరి పోతున్నది. దేవుని పేరు మనసుల అనుకో. ఆయనకు ఇనబడ్తది." మళ్ళీ తీయవలసి వచ్చింది.

అయిపోయాక వచ్చి నన్ను లేపింది. ముఖం మామూలుగానే ఉంది. ఆ ముఖం చూసి ఏమీ లేదని నమ్మాను. అదే ముఖంతో సరోజమ్మకు చాయ్ ఇచ్చిందన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు.

రిపోర్టు వచ్చాక హిమాయత్‌నగర్ వైపు ఉన్న ఆసుపత్రికి వెళ్ళాము. మా పేరు పిలవగానే మా వారు, శ్రీధర్ లేచారు. "సులోచనా, నువ్వు ఇక్కడ కూసో. మేం మాట్లాడొస్తం" అన్నారు మా వారు. కూర్చున్నాను. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. మా వారి చొక్కా వీపున చెమటతో అంటుకుపోయి ఉంది. "గడ్డ ఉందట. తీసేస్తే అయిపోతది" అన్నారు, నా చెప్పుల వైపు చూస్తూ.

భాద్రపదం నుంచి పుష్యం దాకా

ఆపరేషన్ అయింది. అది అయ్యాక, బలానికి మందు అని చెప్పి, నరం గుండా ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ వార్డు గుమ్మం మీద ఏమి రాసి ఉందో నేను చదవగలను. మా నాన్న నేర్పిన అక్షరాలే కదా. నేను చదివానని మా వారికి తెలుసు. తెలియనట్టు ఆయన, చదవనట్టు నేను. అలా దసరా వెళ్ళిపోయింది. వీధిలో బతుకమ్మ పాట వినిపిస్తే కిటికీ దగ్గర కూర్చుని, చప్పట్లు కొట్టడానికి చేతులు లేవక, వేళ్ళతో ఒళ్ళో తాళం వేసుకున్నాను.

నోరు పూసింది. జుట్టు దువ్వెనకు వచ్చేసింది. దీపం దగ్గర కూర్చునే ఓపిక పోయింది. మా వారు ఎన్నడూ పూజ గదిలోకి అడుగుపెట్టిన మనిషి కాదు, అలాంటిది పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టడం మొదలుపెట్టారు. వత్తి తలకిందులుగా వేసేవారు. నూనె ఒలికేది. నేను మంచం మీంచి చూసి ఏమీ అనేదాన్ని కాదు. ఆ వంకర దీపం కన్నా నిండైన పూజ నేను జన్మలో చేయలేదు. తరువాత స్నానాల గదిలోకి వెళ్ళి నల్లా విప్పేవారు. నీళ్ళ చప్పుడు చాలాసేపు వచ్చేది, బకెట్ మాత్రం ఎప్పుడో నిండిపోయి ఉండేది.

ఆసుపత్రిలో ఒక ఆయమ్మ ఉండేది. వెళ్ళగానే నా పాదాలకు తన పాత ఉన్ని మేజోళ్ళు తొడిగి, వచ్చేటప్పుడు విప్పుకునేది. "ఇంటికి తీస్కపోతే ఇంకో అమ్మకు చలి పెడ్తది" అనేది. పక్క కుర్చీలో దోమలగూడ నుంచి వచ్చే ఒకామె. నోరు చేదుగా ఉందంటే కొంగు ముడిలోంచి ఎండు ఉసిరి ముక్క తీసి ఇచ్చేది. కార్తీకంలో ఒకసారి ఆ కుర్చీలో వేరే మనిషి కనిపించింది. ఆమె ఏదమ్మా అని ఆయమ్మను అడిగాను. "ఊరికి పోయింది" అంది, దుప్పటి మడత పెడుతూ, నా వైపు తిరగకుండా. అక్కడ అందరూ ఊరికే పోతారు.

ఆ రోజు నుంచే నాకు తెలుసుకోవాలన్న పట్టుదల మొదలైంది. జబ్బు పేరు కాదు, అది గుమ్మం మీదే ఉంది. ఇంకా ఉందా, పోతోందా? నాకూ ఊరికి వెళ్ళే వేళ వస్తే ఎవరైనా ముందు చెబుతారా, లేక మా వారు నా చెప్పుల వైపు చూస్తూ మరో మాట చెబుతారా? చావంటే భయం లేదని చెప్పను. కానీ నా దేవుడితో నేను మాట్లాడుకోవలసిన నాలుగు మాటలుంటే, అవి ఎప్పుడు మాట్లాడాలో నాకు తెలియాలి కదా.

ఒక మధ్యాహ్నం వంటింట్లోంచి శ్రీధర్, మౌనికల మాటలు వినిపించాయి.

"నాన్న చెప్పొద్దన్నడు. అంతే" అన్నాడు శ్రీధర్.

"ఆమె పానం గురించి ఆమెకు చెప్పొద్దననీకి మామయ్య ఎవరు? నువ్వెవరు?"

"చెప్తే భయంతోనే పోతది అమ్మ."

"ఇప్పుడు భయపడ్తలేదని నీకెవరు చెప్పిన్రు?"

గిన్నె ఒకటి గట్టిగా కింద పెట్టిన చప్పుడు. తరువాత ఆ పూటంతా ఇద్దరూ మాట్లాడుకోలేదు. నా మూలంగా వాళ్ళ మధ్య ఎడం వస్తోందని, కళ్ళు మూసుకుని నిద్రపోయినట్టు పడుకున్నాను.

మాఘం

మందులు ఆపారు. మిగిలిందా, పోయిందా చూడడానికి మళ్ళీ స్కానింగు రాశారు. ఈసారి నీళ్ళు కడుపు నిండా తాగి వెళ్ళాను. మౌనిక సూది పెట్టి, ప్లాస్టరు అంటిస్తూ ఉంటే ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"మౌనికా, ఇప్పుడు బొమ్మలు నువ్వే చూస్తవు. ఎవరికీ చెప్పవని తెలుసు. నాకు మాత్రం చెప్పు. ఉందో, పోయిందో."

"చెయ్యి ముడవకు అత్తమ్మా" అంది. జవాబు అంతే.

గోడలోంచి ఆమె గొంతు వస్తూనే ఉంది. పీల్చు, ఆపు, వదులు.  సూది తీయడానికి వచ్చినప్పుడు చూశాను. రెప్పలు తడిగా ఉన్నాయి. నా ముఖం వైపు చూడలేదు. "చలి పెడ్తున్నదా?" అని మాత్రం అడిగి దుప్పటి తీసింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఇంకా కొన్ని రోజులు వ్యవధి ఉంది. ఆ రోజుల్లో మౌనిక డ్యూటీకి సెలవు పెట్టింది. కొత్తగా మొలుస్తున్న నా జుట్టుకు కొబ్బరినూనె రాసింది. రవ్వ జావ కాచి ఊదుతూ తాగించింది. తీర్థయాత్రలంటే మొహం తిప్పుకునే మా వారు, "ఓపికొచ్చినంక యాదగిరిగుట్టకు పోయొద్దాం, సులోచనా" అన్నారు. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చదువుకున్నాను. పద్యం చివరి పాదం దాకా చదవనిదే తాత్పర్యం చెప్పకూడదని మా నాన్న ఎంత పోరినా, నా తాత్పర్యం నేను చెప్పేసుకున్నాను. అయిపోయింది. మౌనిక చూసింది. అందుకే ఇదంతా.

మరునాడు పూజ గదిలోకి మౌనికను పిలిచి, వెండి కుంకుమ భరిణె చేతిలో పెట్టాను. వత్తుల పత్తి ఎక్కడుంటుందో చూపించాను. చిక్కడపల్లి గుడి బయట పూలమ్మే ముసలమ్మ దగ్గరే కొనమని, ఆమెతో బేరం ఆడవద్దని చెప్పాను.

మౌనిక భరిణెను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇవన్నీ నాకెందుకు చెప్తున్నవ్?"

"నువ్వు చూసినవు గద, బిడ్డా."

"ఏం చూసిన?"

"నా లోపల."

"చూడలే అత్తమ్మా." భరిణె పీట మీద పెట్టి నా ఎదురుగా కూర్చుంది. "ఒట్టు. మిషన్ మీద మల్లేశన్న కూసున్నడు. మైకు బటన్ ఆయన నొక్కిండు. నేను అద్దం కాడ నిలబడి నీతోని మాట్లాడిన, గంతే. స్క్రీన్ దిక్కు తిరగలే. మొత్తంసేపు నిన్నే చూసిన."

"ఎందుకట్ల?"

"చూస్తే నాకు తెలుస్తది. సెంటర్ల జరసేపు ముఖం దాచుకోవచ్చు. వాళ్ళు లేచి ఇంటికి పోతరు. నువ్వూ నేనూ ఒక్క ఇంట్లనే ఉంటం. ఏడ దాచుకోవాలె?"

"మరి కళ్ళల్ల నీళ్ళెందుకు?"

"నువ్వు చెప్పమని అడిగినవ్. నాతోని కాలే."

 పైన హాస్టలు పిల్లలు ఎవరో బిగ్గరగా పాఠం వల్లె వేస్తున్నారు. మౌనిక అప్పుడు వాళ్ళ నాన్న సంగతి చెప్పింది. ఆయనకూ ఇలాంటి జబ్బే. ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో ఉన్న తమ్ముడితో ఎప్పుడో మాటా మాటా వచ్చి ఇద్దరికీ పలకరింపులు లేవు. మంచం మీద కూడా ఆయన అదే తలుచుకునేవాడట.

"'మంచిగైనంక ఊరికి పోత. తమ్మునితోని మాట్లాడ్త' అంటుండె. మంచిగ కాడని మాకు తెలుసు. నేను పక్కన కూసొని 'అట్లనే పోదువు నాయనా' అన్న. మా చిన్నాయన మట్టి పోసేనాటికి వచ్చిండు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "గందుకే అత్తమ్మా, నేను నీకు చెప్పను, చెప్పే పని నాది కాదు. కానీ నువ్వు బయట బల్ల మీద కూసునే పని గూడ నీది కాదు. పేషెంటు అడిగితే డాక్టర్ చెప్పాలె. నువ్వు అడగకపోతే మామయ్యకే చెప్తడు. నువ్వే లోపలికి పో. నువ్వే అడుగు."

నాకు ఆ మాట అప్పటిదాకా తట్టనే లేదు. అడగవచ్చునని. ఇంత వయసు వచ్చి, ఇన్ని అక్షరాలు వచ్చి, నా గురించి నేను అడగవచ్చునన్న సంగతి ఒకరు చెబితే తెలిసింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు మౌనిక కూడా వచ్చింది. మా పేరు పిలిచారు. మా వారు లేచి కండువా సర్దుకుని, "నువ్వు కూసో, సులోచనా" అన్నారు.

"లోపలికి నేనూ వస్త."

"ఎందుకు? అలిసిపోతవ్. లోపల కుర్చీలు గూడ తక్కువున్నయ్."

"నేను నిలబడ్త మామయ్యా. నా కుర్చీ అత్తమ్మకు" అంది మౌనిక.

మా వారు ఆమె వైపు తిరిగారు. గొంతు తగ్గించారు కానీ బల్ల మీది వాళ్ళందరూ వింటూనే ఉన్నారు. "ఇది నువ్వు ఎక్కించినవా? ఏదన్న అయితే ఎవరు జిమ్మేదారు?"

"మీరొక్కరే మోస్తున్నరు మామయ్యా, ఇన్ని నెలల సంది. జర దించుండ్రి."

 నేను తలుపు తోశాను.

డాక్టరు అలవాటుగా మా వారితో మొదలుపెట్టబోయాడు. నేను అడ్డుపడ్డాను. గొంతు నాదేనా అనిపించింది. "సార్, నన్ను చూసి చెప్పండి."

ఆయన కళ్ళజోడు తీశాడు. "అమ్మా, మీకు ఎంతవరకు తెలుసు?"

"నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు సార్. కానీ అంతా తెలుసు. నాది క్యాన్సరు. తెలియనిది ఒక్కటే. ఉందా, పోయిందా?"

ఆ మాట నా నోట బయటికి వచ్చింది. పైకప్పు కూలలేదు. పక్కన మా వారు ముఖం కండువాలో దాచుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చారు. నల్లా చప్పుడు అవసరం లేకుండా ఏడవడం అదే మొదటిసారి. నేను ఆయన మోకాలి మీద చేయి వేసి, ఇంకో చేత్తో డాక్టరుకు చెప్పమని సైగ చేశాను.

ఇప్పటికి బొమ్మల్లో ఏమీ కనబడడం లేదని చెప్పాడు. కనబడకపోతే పూర్తిగా లేదని కాదనీ, మళ్ళీ రావచ్చుననీ, కొన్ని నెలలకోసారి చూసుకుంటూ ఉండాలనీ చెప్పాడు. నాకు అడగాలని ఉన్నవి ఇంకా ఉన్నాయి, అన్నీ అడిగాను. కొన్నిటికి తనకూ తెలియదన్నాడు. ఆ తెలియదన్న మాట కూడా నా ముందే అన్నందుకు ఆయనకు దండం పెట్టి వచ్చాను.

మళ్ళీ శ్రావణం

ఈ ఏడాది శ్రావణ శుక్రవారాలు ఫలహారం తిని చేసుకున్నాను. దేవి ఏమీ అనుకోలేదు. మల్లేశ్ గారికి, ఆయమ్మకు, దోమలగూడ ఆమెకు ప్రతిరోజూ దీపం దగ్గర ఒక్కొక్క నమస్కారం. దోమలగూడ ఆమె పేరు నాకు తెలియదు. దేవుడికి తెలుసు.

పోయిన వారం మళ్ళీ స్కానింగు, మళ్ళీ డాక్టరు. మౌనికకు డ్యూటీ. శ్రీధర్‌కు పని. మేమిద్దరమే వెళ్ళాము. ఈసారి పేరు పిలవగానే మా వారు, "లే, సులోచనా" అన్నారు.

డాక్టరు బొమ్మల మీద చాలాసేపు ఆగాడు. బొమ్మల్లో ఒకచోటికి పోయాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ అక్కడికే పోయాడు. అప్పుడు మెల్లగా తన కుర్చీని మా వారి వైపు తిప్పాడు. ఆ తిప్పడం నాకు తెలుసు. 

మా వారు రెండు చేతులూ కుర్చీ అంచున బిగించి పట్టుకుని ఉన్నారు. "నాకు కాదు సార్" అన్నారు. "ఆమెకు చెప్పుండ్రి."

డాక్టరు కుర్చీ నా వైపు తిరిగింది. కాలేయంలో ఆవగింజంత చుక్క ఒకటి కనిపిస్తోందట. ఏమీ కాకపోవచ్చు. కావచ్చు కూడా. ఇప్పుడే ఏదీ చెప్పలేమనీ, కార్తీకంలో మళ్ళీ తీసి పోల్చి చూస్తే తెలుస్తుందనీ అన్నాడు. పెరిగితే ఏం చేస్తారని అడిగాను. చెప్పాడు. అంతదాకా ఏం తినాలి, ఏ పని మానాలి అని అడిగాను. అన్నీ తినమన్నాడు, ఏ పనీ మానవద్దన్నాడు.

బయటికి వచ్చాక ఆటో వద్దన్నాను. నడిచే ఓపిక ఉంది, వాన వెలిసి చల్లగా ఉంది. కొంత దూరం మాట్లాడకుండా నడిచాము. నారాయణగూడ చౌరస్తాలో సిగ్నలు దగ్గర ఆగినప్పుడు, మా వారు నా వైపు చూసి గొంతు సవరించుకున్నారు.

"లోపల ఆయన చెప్పింది నాకు సగమే ఇనబడ్డది. చెవులు గుయ్యిమన్నయ్. ఏమన్నడు, సులోచనా? ఉన్నదున్నట్టు చెప్పు."

ఆయన చేయి పట్టుకుని రోడ్డు దాటాను. చిక్కడపల్లి దాకా నడుస్తూ, ఆవగింజ దగ్గర మొదలుపెట్టి, మొత్తం చెప్పాను.